వాకిట్లో రాజుగారి పచ్చిక

కోటలో వేయించిన పచ్చిక రాజుగారి కళ్లకు తెగ నచ్చింది. ప్రతి ఇంటి ముందూ గడప నుంచి వీధి దాకా పచ్చికే ఉండాలని, దాన్ని తొక్కినవాళ్లకు పది కొరడా దెబ్బలని చాటింపు వేయించాడు. ఆయన ఏనాడూ బిందె మోసినవాడు కాదు.

ఎర్రక్క వాకిట్లో గోంగూర, బచ్చలి ఉండేవి. గిన్నెలు కడిగిన నీళ్లు పోస్తే చాలు, ఎండాకాలమంతా ఇంటికి కూర పెట్టేవి. కొత్వాలు శరభయ్య దగ్గరుండి వాటిని పీకించి పచ్చిక నాటించాడు. ఆ సాయంత్రం ఎర్రక్క నడిమిగోడ మీదుగా పక్కింటామెతో ఏదో చెప్పింది. ఆ మాట గోడ గోడా దాటి వీధి చివరికి చేరింది.

మూడోనాటికి కోటలో పచ్చిక ఎండిపోసాగింది. ఏటి నుంచి నీళ్లు మోసి దాన్ని తడిపేది ఈ వీధి ఆడవాళ్లే. ఒక్కరూ రాలేదు. శరభయ్య కొరడా పట్టుకుని ఎర్రక్క ఇంటి ముందు వీధిలోకి వచ్చాడు.

"నీళ్లకు రావేమే?"

ఎర్రక్క గడపలోంచి కదల్లేదు. "ఇంటికి మరో తలుపు లేదు దొరా. రావాలంటే పచ్చిక తొక్కాలి."

"ఈడ్చుకుపోతాను." కాలెత్తాడు.

"రండి దొరా. వీధంతా చూస్తోంది. మొదటి పది దెబ్బలు ఎవరికి పడాలో వాళ్లే చెబుతారు."

అన్ని గడపల్లోనూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎత్తిన కాలు వెనక్కి దిగింది.

తన పచ్చిక ఎండిపోతుందని రాజుగారు పొద్దు వాలేలోగా చాటింపు రద్దు చేశాడు. ఎర్రక్క పచ్చిక పెల్లగించి, గోంగూర విత్తులు చల్లి, ఆ తర్వాతే బిందె ఎత్తింది.