గలగరమ్మ వాయనము

అందరును చేతులు జోడించి వినుడు. ఆ మూల గుసగుసలు ఆపుడమ్మా, గలగరమ్మ కథ మొదలగుచున్నది!

పూర్వము కౌండిలుడను ముని తృణపాదుడను మునిని సమీపించి, పొలము గట్లమీద మొలిచెడి గుంటగలగరకు నోమేలయని అడిగెను. ఆ మహాముని నవ్వి ఇట్లు చెప్పెను.

రేవులపాడున పేరిందేవి యను ఇల్లాలు కలదు. ఆమె పొలము గట్టంతయు గుంటగలగరయే! తలనూనెకు ఆ ఆకే, కామెర్లకు ఆ పసరే, కొడవలితో తెగిన వేలికి ఆ ముద్దయే. కోయుటకు ముందు మొక్కను అడుగవలెననియు, వేరు పెరుకరాదనియు, అడిగినవారికి లేదనరాదనియు చెప్పి అత్తగారు ఆమెచే నోము పట్టించెను.

పేరిందేవి కాచిన నూనెకు ఎంత పేరు వచ్చెనని! పేరుతో పాటు పొగరును వచ్చెను. ఒకనాడు బుట్టలల్లు సింగారమ్మ పరుగున వచ్చెను.

"అమ్మగారూ, మా ఆయనకి కళ్లు పచ్చబడిపోయాయండీ. గుప్పెడాకు కోసుకుంటానండీ!"

"చాల్చాల్లే! నీకిస్తే రేపు ఊరంతా నా గట్టుమీదే ఉంటారు."

అంతటితో ఊరుకొనెనా? ఆనాడే కూలీలచేత గట్టంతయు వేళ్లతో పెరికించెను! సింగారమ్మ కాలువ వెంట రెండు కోసులు వెదకి ఆకు తెచ్చి పెనిమిటిని దక్కించుకొనెను.

గలగరమ్మకు ఒళ్లు మండదా! మరుసటి వానలకు గట్టున ఒక్క మొలకయు రాదాయెను. పాడి తగ్గెను, పంట పోయెను. పేరిందేవి పెనిమిటి సూరప్పకు కామెర్లు వచ్చెను. ముద్ద దిగదు, కన్నులు పసుపు ముద్దలు! పైఊళ్లనుండి ఎండుటాకు తెచ్చి ఇచ్చిరి, గుణము లేదు.

"నోము చెడగొట్టుకున్నావే అమ్మాయ్. ఉద్యాపన చేసుకో" అని పొరుగింటి ముసలమ్మ చెప్పెను.

పేరిందేవి గబగబ కలవారి ఇండ్ల ముత్తైదువలను ఐదుగురను పిలిచి, వెండి పళ్లెములలో వాయనములిచ్చెను. వారు పుచ్చుకొని దీవించిరి. తీరా చూడగా సాయంకాలమునకు సూరప్ప భార్యనే గుర్తుపట్టలేకపోయెను! అప్పటికిగాని ఆమెకు తెలిసిరాలేదు. అయ్యో, ఇవ్వవలసినచోట ఇచ్చితినా అని గుండె బాదుకొనెను.

తెల్లవారగానే వాయనము చేతబట్టి సింగారమ్మ పాకకు పరుగెత్తెను. సింగారమ్మ వెదురు చీల్చుచుండెను.

"ఇస్తినమ్మ వాయనం!"

సింగారమ్మ తల ఎత్తలేదు. పేరిందేవి మరల అనెను. సింగారమ్మ మరియొక వెదురు అందుకొనెను. పుచ్చుకుంటినమ్మ అననిదే వాయనము చెల్లదు గదా! పేరిందేవి పళ్లెము దింపి నేలమీద కూలబడెను.

"ఆకుండి కూడా లేదన్నాను. నీకు దొరక్కూడదనే వేళ్లతో పీకించాను. తప్పైపోయింది సింగారమ్మా!"

"ఆవేళ కాలవ వెంట ఏడుస్తూ తిరిగానండీ. మిమ్మల్ని తిట్టుకుంటూనే తిరిగాను." సింగారమ్మ కత్తి పక్కన పెట్టెను. పిమ్మట కొంగు చాచెను. "పుచ్చుకుంటినమ్మ వాయనం!"

పేరిందేవిని చేయిపట్టి పెరటికి తీసికొనిపోయెను. వెదురు నానవేసిన నీరు పారుచోట, ఆనాడు తెచ్చిన ఆకువెంట విత్తులు రాలి మొలిచిన గలగర మోకాలెత్తున, తెల్లపూలతో కళకళలాడుచుండెను! "అడిగి కోసుకోండమ్మా" అనెను. పేరిందేవి మొక్కకు మ్రొక్కి, అడిగి, వేరు కదలకుండ కోసికొనెను.

మూడవనాడు సూరప్ప కన్నులు తెరచి, "ఏమే, అన్నం పెట్టవా?" అనెను. ఆమె ఏడ్చుచు నవ్వుచు వంటింటికి పరుగెత్తెను. ఆపై వచ్చిన వానలకు గట్టు పచ్చబడెను, పాడిపంటలు మరలివచ్చెను.

కావున కొత్తకోడళ్లును, వైద్యము చేయువారును, ఇంట రోగియున్నవారును ఈ నోము పట్టవలెను. పట్టినవారికి తల నెరయదు, ఐదవతనము చెడదు, గట్టు ఎండదు. అయితే మొదటి వాయనము ముత్తైదువలకు గాదు, మీరు లేదని పంపినవారికి. ఇది వినుచుండగా మీకెవరైనా గుర్తుకు వచ్చిరా? వచ్చినచో ప్రసాదము తరువాత తిందురుగాని, ముందు వారింటికి వెళ్లిరండు.