ఆచార్యులవారు తిట్టిన గోడ

పాలవెల్లి రాజ్యాన్ని ఏలే నరవాహన మహారాజుకు ఏడాదికో ముచ్చట పుట్టేది. ఆ ఏడు అది రాణిగారి కొత్త మందిరం మీద పడింది.

"లోపలి గోడలు ఎంత తెల్లగా ఉండాలంటే, మల్లెపువ్వు ఆనిస్తే ఏది పువ్వో ఏది గోడో తెలియకూడదు! ఏ సున్నం, ఏ జిగురు, ఏ కుంచెలు కావాలో తేల్చండి" అన్నాడు సభలో.

అనడమే ఆలస్యం, కుందనాచార్యులు లేచాడు. ఈయన ఆస్థానంలో వర్ణవిశారదుడు. రంగుల గురించి పూటల తరబడి మాట్లాడతాడు. ఆయన రంగు వేస్తుండగా చూసినవాళ్లు మాత్రం రాజ్యంలో ఒక్కరూ లేరు. వేళ్లకు ఎనిమిది ఉంగరాలు పెట్టుకున్న మనిషి సున్నం తొట్టిలో చెయ్యి పెడతాడా మరి!

"మహారాజా! సింహళం నుంచి గుల్లలు తెప్పించి కాల్చాలి. ఆ సున్నాన్ని పన్నీటిలో నానబెట్టాలి. కుంచెలు ఉడుతతోక వెంట్రుకలతో చేయించాలి" అన్నాడు.

రాజుగారు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సింహళానికి ఓడ బయల్దేరింది. తోటలో ఉడుతలు ఏమయ్యాయో నన్నడగకండి.

కోటలో సామాన్ల కొట్టు చూసే పేరయ్యకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ముప్పయ్యేళ్లుగా కోట గోడలకు వెల్ల వేస్తున్న పోలమ్మను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. ఊరి బట్టీ సున్నం మూడు రోజులు నాననిచ్చి, గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురూ చిటికెడు నీలిమందూ కలిపి, మొగలి ఊడ నలగ్గొట్టి చేసిన కుంచెతో వేస్తుందామె. రాజుగారు పుట్టి పెరిగింది ఆ తెల్లని గోడల మధ్యే.

"ఆమె సరుకు కూడా ఓసారి చూడండి ప్రభూ" అని పేరయ్య బతిమాలితే రాజు సరేనన్నాడు.

పోలమ్మ వచ్చి కొత్త గోడ మీద మూరెడు మేర పూసింది. కుంచె తియ్యగానే ఆచార్యులు ముందుకొచ్చి, ఆ తడి మీద మల్లెపువ్వు ఆనించాడు.

"చూడండి మహారాజా, గోడ గోడలాగే ఉంది! ఇది సున్నమా, బియ్యం కడిగిన నీళ్లా?"

అందరూ గొల్లున నవ్వారు. పోలమ్మ నోరు తెరిచేలోపే రాజు చెయ్యి విసిరాడు. "రేపటి నుంచి ఈమె కోటలోకి రానక్కర్లేదు."

నౌకర్లు ఆ పూతను అప్పుడే కడిగేశారు. పోలమ్మ తొట్టి పట్టుకుని పేరయ్య కొట్టు గుమ్మంలో కూలబడింది.

"ఆరనియ్యకుండానే తీర్పు చెప్పేశారు బాబూ! తడి మీద ఏ సున్నమైనా తెల్లగా ఉంటదా? ఆరితేనే కదా తెలుపు తేలేది. ఈ వయసులో ఎవరి గుమ్మం ఎక్కేది నేను?"

"ఆ సంగతి ఆచార్యులకు తెలియదంటావా?" అన్నాడు పేరయ్య.

"కుంచె పట్టినోళ్లకి తెలుస్తది."

పేరయ్య ఆమెకు మంచినీళ్లిచ్చాడు. "ఆ తొట్టి ఇక్కడే వదిలిపెట్టి వెళ్లు పోలమ్మా" అన్నాడు.

నెల తిరిగేసరికి ఓడ వచ్చింది. గుల్లలు కాల్చారు, పన్నీటిలో నానబెట్టారు. అప్పుడు పేరయ్య రాజు ముందు చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, గోడ మీద రెండు పూతలుంటాయి. ఒకటి ఆచార్యులవారి సున్నం, ఒకటి పోలమ్మది. ఏది ఎవరిదో ఆచార్యులవారే చెప్పాలి. సరిగ్గా చెబితే నేనూ కోట విడిచిపోతాను. తప్పు చెబితే పోలమ్మను వెనక్కి పిలవాలి."

"కళ్లు మూసుకుని చెబుతాను!" అన్నాడు కుందనాచార్యులు.

మర్నాడు మధ్యాహ్నం, రోహిణీకార్తె ఎండ కిటికీల్లోంచి విరగకాస్తుండగా అందరూ మందిరంలోకి వచ్చారు. ఎడమవైపు పూత పాలనురుగులా మెరిసిపోతోంది. కుడివైపు పూత నీళ్లోడుతూ, వెనక గోడంతా కనిపిస్తూ ఉంది.

"ఎడమవైపుది నాది!" అన్నాడు ఆచార్యులు వెంటనే. "ఈ తెలుపు సింహళానికి తప్ప మరో దేశానికి లేదు."

"మరి కుడివైపుది?" అన్నాడు పేరయ్య.

ఆచార్యులు శాలువా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దానికి వీపు తిప్పి నిలబడ్డాడు. "ఆ ముసలిదాని బురదనీళ్లు! నేను దగ్గరికి కూడా పోను, కంపు! సున్నానికుండే లక్షణాలు పన్నెండు. అందులో దీనికి ఒక్కటీ లేదు. మొదటిది..."

లక్షణాలు మొదలయ్యాయి. నాలుగోది చెబుతుండగా ఆయన వీపు వెనక గోడ అంచులు తెల్లబడ్డాయి. ఏడోదానికి సగం తెల్లబడింది. సభికులు ఒకరినొకరు గిల్లుకున్నారు. పన్నెండోది ముగిసేసరికి కుడివైపు పూత కూడా ఎడమదానంత తెల్లగా ఉంది.

రాజు లేచి వెళ్లి వాసన చూశాడు. "పన్నీరు!" అన్నాడు. "ఆచార్యా, ఇంతసేపూ మీరు తిట్టింది మీ సున్నాన్నే!"

"ఎడమవైపుది నిన్న పొద్దున పోలమ్మ తొట్టిలోంచి తీసి వేశాను ప్రభూ. ఈ కుడివైపుది తమరు వసారాలోకి వస్తుండగా వేశాను" అన్నాడు పేరయ్య.

కుందనాచార్యులు వెనక్కి తిరిగి గోడ చూశాడు. మొహం ఎర్రబడింది. "మోసం! ఆరకముందు చూపిస్తే ఎవరికి తెలుస్తుంది? ఆరనివ్వాలి కదా!"

"ఆ మాటే ఆ రోజు పోలమ్మ చెప్పబోయింది. తమరు చెప్పనివ్వలేదు" అన్నాడు పేరయ్య.

మందిరం దద్దరిల్లేలా నవ్వారు. ఆ రోజు చెయ్యి విసిరింది తానేనని గుర్తొచ్చి రాజు కాసేపు మీసం సవరించుకున్నాడు. తర్వాత తనూ పగలబడి నవ్వాడు. చేతి కడియం తీసి పేరయ్యకు తొడిగి, పోలమ్మను పల్లకీలో పిలిపించాడు.

"మందిరమంతా నీ సున్నంతోనే వెయ్యి పోలమ్మా. నీ కింద పనికి ఆచార్యులవారు ఉంటారు. లక్షణాలు పన్నెండూ తెలిసిన మనిషి!"

పోలమ్మ ఆచార్యుల్ని ఎగాదిగా చూసింది. కొంగు బిగించి, ఆయన చేతికి కుంచె అందించింది.

"ఉంగరాలు తీసేసి, ముందు చేతులకి నూనె రాసుకోండి బాబయ్యా. లేకపోతే బొబ్బలెక్కుతాయి."