అయిదుగురు దొరలు, ఒక్క పిలుపు

సాగరకోట రాజు అనంగభూపతిగారికి ఓ పొద్దున్నే కోరిక పుట్టింది. రేవులో దిగిన అయిదుగురు పరదేశి వర్తకులనూ ఒకేసారి కొలువులో చూడాలట!

ఆయనకేం, చెప్పేశారు. చచ్చేది చోపుదారు సింగన్న. కొలువు గుమ్మంలో బెత్తం పట్టుకుని, వచ్చినవాళ్ళ పేర్లు పిలవడం అతని పని. ఒకడి పేరు ముందు పిలిస్తే మిగతావాళ్ళు అలుగుతారు. పోయినేడు ఇలాగే ఒకాయన తెచ్చిన గుర్రాలన్నీ మళ్ళీ ఓడెక్కించుకుని చక్కాపోయాడు.

"ఈసారి ఒక్కడు అలిగినా నీ బెత్తం ఊడినట్టే" అన్నారు రాజుగారు.

దుబాసి విస్సప్ప మీసం దువ్వాడు. తనకు అయిదు భాషలొచ్చని ఊరంతా చాటుకునే మనిషి. ఆ బెత్తం మీద అతని బావమరిదికి ఎప్పట్నుంచో కన్ను.

"పోర్చుగీసు జువావ్, డచ్చి యాన్, ఫ్రెంచి ఝా, ఇంగ్లీషు జాన్, అరబ్బు యాహ్యా! ముందెవర్ని పిలుస్తావోయ్ సింగన్నా?" అని ఇకిలించాడు.

సింగన్నకది తాతలనాటి బెత్తం! అయినా మొహాన నవ్వు పోనివ్వలేదు. వసారాలో కూర్చున్న దొరల దగ్గరికెళ్ళి, ఒక్కొక్కరినీ ఏదో అడిగొచ్చాడు. వాళ్ళందరికీ రేవు తెలుగు వచ్చు. పేరు వెనకున్న పెద్దలెవరో తెలుసుకోనిదే చోపుదార్లు ఎవర్నీ పిలవరు మరి.

తిరిగొచ్చి తలుపులు రెండూ బార్లా తీయించాడు. బెత్తం నేలకేసి కొట్టాడు.

"జెకర్యా కొడుకు యోహాను పేరు పెట్టుకున్న దొరవారు దయచేయండహో!"

అయిదుగురూ దిగ్గున లేచారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీదీ ఆయన పేరేనా?"

"మరి నీదో?"

భుజాలు రాసుకుంటూ కలిసే లోపలికొచ్చారు. అలకలేదు, గిలకలేదు.

"ఏం మంత్రం వేశావురా?" అన్నారు రాజుగారు.

"మంత్రమేముంది ప్రభూ! మీకెవరి పేరు పెట్టారని అడిగాను. అయిదుగురూ ఒక్క మహాత్ముణ్ణే చెప్పారు. యూదుల దేశంలో పుట్టిన పేరట, దేవుడు దయ చూపాడని అర్థమట. దేశానికో రకంగా నోరు తిరిగింది, అంతే. ఒక్క పేరుకి ఇంక ముందేమిటి, వెనకేమిటి?"

రాజుగారు దుబాసి వైపు తిరిగారు. "అయిదు భాషలొచ్చు కదయ్యా, నీకీ సంగతి తెలీలేదేం?"

జవాబు సింగన్నే ఇచ్చాడు.

"వారు అయిదు భాషల్లోనూ చెబుతారే గాని, ఒక్కదాంట్లోనూ అడగరు ప్రభూ!"

కొలువు కొలువంతా గొల్లుమంది. బెత్తానికి బంగారు పొన్ను వేయించారు రాజుగారు. విస్సప్ప బావమరిదికీ కొలువులో పని దొరికింది. సింగన్న చేతికింద, తలుపులు తీసే పని!