అలివేణి దీవెనలు

కొండ కింద రంగస్వామి గుడిలో అలివేణి అనే ఏనుగు ఉండేది. నుదుట నామం, మెడలో గంట. ఆమె తొండం తలమీద పెట్టి దీవిస్తే జరిగి తీరుతుందని భక్తుల నమ్మకం. అలివేణికైతే ఆ నమ్మకం ఇంకాస్త ఎక్కువ. జనం వెళ్లిపోయాక చుట్టుపక్కల జంతువులూ వచ్చేవి. అరటిపండు నోట్లో పడగానే తొండం లేచేది. అడిగింది పూర్తిగా వినే ఓపిక మాత్రం ఆమెకు లేదు.

ఓ సోమవారం చుక్కమ్మ అనే కోడిపెట్ట పండు దొర్లించుకుంటూ వచ్చింది.

"తల్లీ, నా తొమ్మిదిమంది పిల్లల్లో ఒక్కరూ తగ్గకుండా..."

"తథాస్తు! పండు బాగా మాగింది."

మర్నాడు పాపయ్య అనే నక్క రెండు పళ్లు పట్టుకొచ్చాడు. ఎక్కడివని అలివేణి అడగలేదు.

"అమ్మా, రేపు పొద్దున నా కడుపు నిండాలి."

కోడిపిల్లల పేరెత్తితే ఏనుగు ఎక్కడ కాదంటుందోనని తెలివిగా అంతటితో ఆపాడు.

"తథాస్తు!"

బుధవారం తెల్లవారేసరికి పాపయ్య కోళ్లగంప ముందున్నాడు.

"వదినా, పిల్లల్ని బయటికి పంపు. అలివేణమ్మ దీవించింది. అడ్డం పడితే పాపం నీకే."

చుక్కమ్మ పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"నన్నూ దీవించింది. పద, ఆవిడనే అడుగుదాం."

ఏనుగు మాట వెనక్కి తీసుకోదన్న ధీమాతో పాపయ్య సరేనన్నాడు. గుడికి గడ్డిబండి లాగే ఎద్దు మైలయ్య అటే వెళ్తుంటే తల్లీపిల్లలు బండెక్కారు. నక్క వెనకాలే నడిచాడు.

సంగతంతా విన్నాక అలివేణి చెవులు ఊపడం మానేసింది.

"నేనా? ఇద్దరికీనా?"

"నీ నోటితోనేనమ్మా," అన్నాడు ఎద్దు. "మాటలు గుర్తులేకపోయినా పళ్లు గుర్తుండాలే."

"మూడు పళ్లు," అంది అలివేణి చిన్నగా.

"ఒక్క దీవెన తప్పినా రేపట్నుంచి నీ గడప ఎవరు తొక్కుతారు తల్లీ?" అన్నాడు నక్క. "పిల్లల్ని ఇప్పించు."

అలివేణికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భయం వేసింది. పేరు పోతుందే అనుకుంది. ఇంతలో గడ్డిలోంచి తొంగిచూస్తున్న తొమ్మిది చిన్న తలకాయలు కనిపించాయి. పేరు సంగతి మరిచిపోయింది.

"తప్పు నాది. నా మాట పోతే పోనీ, పిల్లల్ని మాత్రం..."

"ఆగు తల్లీ," అంది చుక్కమ్మ. "నక్కన్నా, నువ్వేమని అడిగావు? ఉన్నదున్నట్టు చెప్పు."

"నా కడుపు నిండాలన్నాను."

"దేంతో?"

పాపయ్య కోడిపిల్లల వైపు చూశాడు. "అది... వేరే చెప్పాలా?"

"చెప్పాలి మరి," అన్నాడు ఎద్దు.

అలివేణి ముఖం విప్పారింది. మావటి అప్పుడే పెట్టి వెళ్లిన రాగిసంకటి ముద్దలు ఎదురుగా ఉన్నాయి, ఒక్కోటి నక్క తలకంటే పెద్దది. తొండంతో పాపయ్య నడుం చుట్టి ముద్దల ముందు కూర్చోబెట్టింది.

"తిను నాయనా. నా దీవెన తప్పకూడదుగా."

ఒక ముద్ద కష్టం మీద లోపలికి పోయింది.

"నిండిందమ్మా!"

"ఏమిటీ? నేను సగమే వింటానని తెలుసుగా. ఇంకోటి తిను."

రెండో ముద్ద సగంలోనే పాపయ్య నాలుగు కాళ్లూ చాపేశాడు. చుక్కమ్మ దగ్గరికెళ్లి మర్యాదగా అడిగింది.

"కోడిపిల్ల ఏమైనా కావాలా అన్నా?"

"తిండి మాటెత్తకు వదినా! కాసిని మంచినీళ్లు ఇప్పించు."

సాయంత్రం మైలయ్య అతన్ని బండిలో వేసుకుని వాగు అవతల దింపి వచ్చాడు. పాపయ్య దారి పొడుగునా మూలుగుతూనే ఉన్నాడు.

నీతి: దీవించే పెద్దలు ముందు చెవి ఒగ్గాలి, చెయ్యి ఆ తర్వాత ఎత్తవచ్చు.