ఎర్ర తువాలు

విశాఖపట్నంలో కొండలెక్కే కుర్రకారు సంఘం ఒకదానిలో మురారి అనే యువకుడు ఉండేవాడు. చురుకైనవాడే గానీ, ఎక్కడికెళ్ళినా అందరికంటే ముందు తనే కనబడాలనే యావ ఒకటి ఉండేది.

ఆ సంఘంలో జీతాలు లేవు, పదవులు లేవు. వారమంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఏదో ఒక కొండకి వెళ్ళేవారు. దారి తెలిసిన ఇద్దరు ఇష్టం కొద్దీ మిగిలినవాళ్ళను నడిపించేవారు. ఒకరు అందరికీ ముందు, ఒకరు అందరికీ వెనక. వెనక నడిచే మనిషి భుజాన ఎర్ర తువాలు ఉంటుంది. ఆ తువాలు వెనక ఇంకెవరూ ఉండకూడదు. ముందు నడిచే మనిషి మలుపు దగ్గర ఆగి వెనక్కి చూడాలి. ఎర్ర తువాలు కనబడిందా, అందరూ వచ్చేసినట్టే. అది వాళ్ళ పద్ధతి.

ముందు నడిచేవాళ్ళకు ఫోటోలు, చప్పట్లు దక్కేవి. వెనక నడిచేవాళ్ళకు అలసినవాళ్ళ సంచులు, కాళ్ళు పట్టేసినవాళ్ళ మూలుగులు మిగిలేవి. పైగా అందరూ సరదాకి ఎర్ర తువాలు మనిషిని "తోక" అని పిలిచేవారు. ఆ మాట వింటే మురారికి ఒళ్ళు మండిపోయేది.

వానాకాలంలో ఒక ఆదివారం, అందరికీ ముందు నడిచే హైమ తువాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మళ్ళీ నేనేనా తోకని, హైమక్కా?" అన్నాడు మురారి.

"నీకు దారి తెలుసు. ఇవాళ కొత్తవాళ్ళున్నారు. విసుక్కోకు," అంది హైమ.

ఆ కొత్తవాళ్ళలో మురారి వీధి పిల్ల ఈశ్వరి ఒకతె. బట్టల షాపులో పనిచేసేది. అమ్మానాన్న లేకపోవడంతో అన్న అప్పన్నే ఆటో నడుపుతూ పెంచాడు. కొండలంటే అతనికి భయం, చెల్లెల్ని పంపడానికి వెనకాడాడు. అప్పుడు మురారే ధైర్యం చెప్పాడు. "చెల్లి వెనకాలే నేనుంటానన్నా. నాది పూచీ."

"నీ మాట మీద పంపుతున్నానురా," అన్నాడు అప్పన్న.

కొండ మీదికి చేరాక ఈశ్వరి దూరంగా సముద్రాన్ని చూసి చిన్నపిల్లలా గంతులేసింది. "ఈసారి మా అన్నయ్యని కూడా లాక్కొస్తాను. ఆటో తప్ప మరో లోకం తెలీదు ఆడికి," అంది. ఆ పిల్ల అంతలా నవ్వడం మురారి ఎప్పుడూ చూడలేదు.

దిగేటప్పుడు ఒక గెడ్డ దాటాలి. అటువైపు వాగును గెడ్డ అంటారు. పొద్దున్న ఎక్కేటప్పుడు అందులో నీళ్ళు పాదాలు కూడా సరిగా తడపలేదు. ఇప్పుడు కొండ నెత్తిన మబ్బులు నల్లగా కమ్ముకున్నాయి. మిగిలినవాళ్ళంతా దాటేశారు. ఈశ్వరి మాత్రం కుంటుతూ వచ్చి గెడ్డ ఒడ్డున రాతి మీద కూలబడింది. కొత్త షూ కరిచి మడమ పుండయింది.

"ఒక్క నిమిషం అన్నయ్యా," అని వెనకే వచ్చిన మురారితో అంటూ షూ విప్పింది.

అవతలి ఒడ్డున అందరూ ఫోటోకి నిలబడుతున్నారు. "ఒరే తోకా, నువ్వు లేకుండానే తీసేస్తున్నాం!" అని ఎవరో కేకేశారు. మురారికి కాలు నిలవలేదు.

"నువ్విక్కడే కూర్చో. ఫోటో దిగి వచ్చేస్తాను," అన్నాడు.

"అలాగే. నువ్వొచ్చేదాకా కదలను," అంది ఈశ్వరి.

మురారి గెడ్డ దాటి అందరినీ తోసుకుంటూ ముందు వరసలో నిలబడ్డాడు. ఫోటో అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. హైమ కంగారుగా వెనక్కి చూసింది. ఎర్ర తువాలు కనబడింది. "వాన ముదిరేలా ఉంది, పదండి!" అని నడక మొదలుపెట్టింది.

అప్పుడైనా మురారి నోరు తెరవాల్సింది. ఒక్క మాట చాలు, అందరూ ఆగేవారు. కానీ తువాలు వేసుకుని ముందుకొచ్చానని పదిమందిలో చెప్పుకోవడం అతనికి చిన్నతనంగా తోచింది. నాలుగడుగులు వేసి, ఎవరూ చూడకుండా వెనక్కి జారుకుందాం అనుకున్నాడు. పక్కవాళ్ళు మాటల్లోకి లాగారు. మలుపు వచ్చింది. అప్పుడు పైనుంచి పెద్ద చప్పుడు వినబడింది.

మురారి వెనక్కి పరుగెత్తాడు. గెడ్డ ఒడ్డులొరుసుకుని ఎర్రగా పారుతోంది. అవతల ఒడ్డున రాయి లేదు. రాయి ఉన్న చోట కూడా నీళ్ళే.

"ఈశ్వరీ!" అని గొంతు చిరిగేలా అరిచాడు. నీళ్ళ హోరు తప్ప ఏమీ వినబడలేదు.

పరుగున వచ్చిన హైమ సంగతి తెలిసి బురదలోనే కూలబడింది. "తువాలు చూశానే! నా కళ్ళతో చూశానే!" అని తల బాదుకుంది.

మర్నాడు నీళ్ళు తగ్గాక, దిగువన చెట్టు వేళ్ళ మధ్య ఈశ్వరి దొరికింది. ఒక కాలికే షూ ఉంది.

అప్పన్న మురారిని కొట్టలేదు, తిట్టలేదు. దగ్గరికొచ్చి ఒకటే అడిగాడు. "దాని వెనకాలే ఉంటానన్నావు కదరా?"

ఆ ఫోటో ఇంకా ఉంది. తీసిన రోజు అందరూ ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నారు గానీ, వెనక ఏముందో ఎవరూ చూడలేదు. ముందు వరసలో మురారి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వాళ్ళందరి వెనక, గెడ్డకి అవతల, రాతి మీద కూర్చున్న ఒక పిల్ల చేతిలో షూ పట్టుకుని, తననీ ఫోటోలో పడనివ్వమని చెయ్యి ఊపుతోంది.

కొన్నాళ్ళకు మురారి హైమ ఇంటికి వెళ్ళాడు. మనిషి సగమయ్యాడు. "ఆ తువాలు నాకివ్వు అక్కా. బతికున్నంత కాలం వెనకే నడుస్తాను," అన్నాడు.

హైమ గొంతులో కోపం లేదు, ఏడుపే ఉంది.

"నీ ముందు నడవడానికి ఎవరొస్తారు మురారీ?" అంది.

నీతి: మనల్ని నమ్మి ఒకరు నిశ్చింతగా ఉన్నప్పుడు, మన చోటు ఎంత చిన్నదైనా వదిలి పోకూడదు. పోయాక తిరిగొచ్చినా, ఆ మనిషీ ఉండకపోవచ్చు, ఆ నమ్మకమూ ఉండదు.