మినపగింజంత వెలుగు

సముద్రపు ఒడ్డున ఒక దీపస్తంభం ఉండేది. దాని పైన దీపం చూసుకునే ముసలివాడు ఒకడు ఉండేవాడు. స్తంభం ఎంత ఎత్తంటే, పైన ఆయన తుమ్మితే కిందివాళ్ళు మర్నాడు ‘చిరంజీవ’ అనేవారు.

ముసలివాడి గొప్పలు అంతకన్నా ఎత్తు. తుఫానుకి స్తంభం ఒరిగిపోతుంటే వీపు ఆనించి మూడు రోజులు నిలబెట్టాడట. తిమింగలాన్ని చెవి మెలేసి వెనక్కి పంపాడట.

“తాత చెప్పే చేప సముద్రంలో ఇమడదురోయ్!” అని జాలర్లు పడీపడీ నవ్వేవారు.

తెల్లదొరలు ఓడలెక్కి వెళ్ళిపోయిన నాలుగో ఏట, ఒక సాయంత్రం, దీపం ముట్టించే వేళకి, ఆకాశంలోకి ఏదో వెలుగు వచ్చింది. కాసేపు తచ్చాడి వెళ్ళిపోయింది. పట్నం పత్రికలు ఎగిరే పళ్ళెం అని రాశాయి. విచారణకి జీపులో ఒక అధికారి దిగాడు.

ఊళ్ళో అరవైమందిని అడిగాడు. ఒకడు తాటాకు గొడుగంత అన్నాడు. ఇంకొకడు ఏనుగంత అన్నాడు. చివరికి అధికారి స్తంభం ఎక్కాడు. ఎక్కేసరికి కలంలో సిరా ఎండిపోయింది, మళ్ళీ పోసుకోవలసి వచ్చింది.

నలభై ఏళ్ళుగా ఆ దీపమే ముసలివాడి ఇల్లూ వాకిలీ.

“పక్షి అని చెప్పు తాతా,” అన్నాడు అధికారి మెల్లిగా. “దీపం నీకే ఉంటుంది. వెలుగు చూశానన్నావంటే నీ కళ్ళు చెడ్డాయని రాసి కిందికి దించెయ్యాలి. ఈ కాగితంలో ఇంకో గడి లేదు.”

“పక్షి కాదయ్యా.”

“మరెంత ఉంది? కొండంతా?”

ముసలివాడు చెయ్యి బారచాపి, రెండు వేళ్ళు దగ్గరికి తెచ్చాడు. “మినపగింజంత.”

అధికారి కలం ఆగింది. గొప్పలకి ఊరంతా పేరుపడ్డ ఆ నోటినుంచి మినపగింజా!

“చిన్నదయ్యా. దారి తప్పిన పడవలాగే అటూ ఇటూ తిరిగింది. అలాంటి పడవ కనబడితే దీపానికి మూడుసార్లు రేకు అడ్డం పెట్టి తీస్తాం, ఒడ్డు ఇటని. దానికీ అలాగే చేశాను.”

“ఎవరిదో ఏమిటో తెలియకుండానే?”

“పేరడిగి దీపం చూపిస్తామా?” అన్నాడు ముసలివాడు. “అదీ మూడుసార్లు ఆరి వెలిగింది. బదులు పలికినదాన్ని చూడలేదని ఏ నోటితో అననయ్యా?”

అధికారి కలం మళ్ళీ కదిలింది. ‘వస్తువు’ అన్న గడిని ఖాళీగా వదిలేశాడు. ‘సాక్షి కంటిచూపు’ అన్నచోట ఇలా రాశాడు: ‘మినపగింజని మినపగింజంతగానే చూశాడు. దీపం ఇతని చేతిలోనే ఉండాలి.’

పొద్దు వాలుతుండగా జీపు ఇసుకదిబ్బ దగ్గర ఆగింది. దాని దీపాలు మూడుసార్లు ఆరి వెలిగాయి. పైన రేకు మూడుసార్లు కదిలింది.

మర్నాడు జాలర్లు మూగారు. “అధికారి ఎలా ఉన్నాడు తాతా? ఏనుగంత ఉన్నాడా? ఎన్ని కుస్తీలు పట్టావేం?”

ముసలివాడు రేకు తుడుచుకుంటూ అన్నాడు:

“చిన్నవాడే, పాపం. దారి తప్పినట్టున్నాడు. ఒడ్డు చూపించాను.”