గవరయ్య కుండలో నిప్పు

అనగనగా గోదారి లంకలో ఓ ఊరు. ఆ ఊళ్ళో సింగమ్మని ఓ ముసలావిడ. నాలాగే నోరు పెద్దది, నవ్వకండర్రా! అప్పట్లో అగ్గిపెట్టెలేవీ? పొయ్యి ఆరిందంటే పిడక పట్టుకుని పక్కింటికెళ్ళి నిప్పు తెచ్చుకోవడమే.

ఓనాడు తెల్లారగట్ల నరసింహస్వామి ఆవిడకి కలలో కనబడి, ఇవాళ నీ గుమ్మంలో ఎవరు నిప్పడిగినా లేదనకు అన్నాడు. ఓస్, అంతేగదా అనుకుంది.

తీరా దీపాలవేళకి వచ్చిందెవరు? గవరయ్య! ఆవిడ మేకని ఎత్తుకెళ్ళి తినేసిన గవరయ్య! కమ్మరింటికెళ్ళాట్ట, లేదు పొమ్మన్నారు. కుమ్మరింటికెళ్ళాట్ట, లేదు పొమ్మన్నారు. కరణంగారింటికెళ్ళాట్ట, కుక్కని వదిలారు. ఊ కొట్టరేం, నిద్రొచ్చేసిందా?

సింగమ్మకి ఒళ్ళు మండిపోయింది. అసలే దీపాలవేళ నిప్పిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందంటారు. పైగా దొంగకా! దేవుడి గూటి ముందుకెళ్ళి దెబ్బలాడింది. జాలి చూపించడానికి నీకు నా మేకని తిన్నవాడే దొరికాడా అంది. ఆ జాలేమిటో ఆవిడకేమీ అర్థం కాలేదు. అయినా స్వామి చెప్పాడు గదా అని, తిట్టుకుంటూనే గవరయ్య పిడక మీద ఇంత నిప్పు వేసింది.

కొన్నాళ్ళకి పెద్ద గాలివాన. కప్పులన్నీ లేచిపోయాయి, పొయ్యిలన్నీ నీళ్ళతో నిండాయి. ఆ వానలోనే సింగమ్మ కోడలు వరాలు ప్రసవించింది. పసిగుడ్డు చలికి నీలంగా అయిపోతోంది, ఏడవనైనా ఏడవదు. కుంపట్లోకి నిప్పు కావాలి. సింగమ్మ తడుస్తూ పరిగెత్తింది. కమ్మరింట్లో లేదు, కుమ్మరింట్లో లేదు, కరణంగారింట్లో కుక్క కూడా వణుకుతోంది.

ఏం చెయ్యను స్వామీ అని ఆవిడ వీధిలో నిలబడి ఏడుస్తుంటే, బిడ్డ సంగతి విని గవరయ్య ఎదురొచ్చాడు. చంకలో మూతపెట్టిన కుండ, కుండలో ఊక, ఊకలో కణకణలాడే నిప్పు!

"ఇది నువ్విచ్చిందే అత్తా, పట్టుకెళ్ళు" అన్నాడు.

అందరికీ పొయ్యి ఆరితే పొరుగిల్లుందని ధీమా. వాడికెవరున్నారు? ఇది ఆరితే నాకు మళ్ళీ ఎవరిస్తారని, ఆవిడిచ్చిన నిప్పుని ఊక వేస్తూ వేస్తూ ప్రాణంలా కాపాడుకున్నాడర్రా.

కుంపటి రాజుకుంది. బిడ్డ కేరుమంది. సింగమ్మ గూటి ముందు చెంపలేసుకుంది. బిడ్డ బారసాలకి గవరయ్య ఓ మేకపిల్లని తోలుకొచ్చాడు, ఈసారి సొంతదేలే! ఆ ఊళ్ళో ఇప్పటికీ ఏ వేళప్పుడైనా నిప్పడిగితే లేదనరట.

చూశారా, స్వామి జాలి అర్థమయ్యాకే ఇస్తానని సింగమ్మ కూర్చునుంటే ఆ బిడ్డ దక్కేదా? ఆయన చెప్పింది చేసెయ్యడమే, సణుక్కుంటూ అయినా సరే. నేనూ సణుగుతాననుకోండి.

ఇహ కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.